చివరగా ముట్టుకున్నవాడు

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు మాకు కథగానీ కవితగానీ తోచలేదు. ఒక లాప్‌టాప్ తోచింది. స్టడీ హాల్లో టీవీ పక్కన బల్ల మీద ఉండే మన నల్ల లాప్‌టాపే. 2025 అక్టోబరులో దానికొచ్చిన జబ్బు గురించీ, అది కుదిరిన తీరు గురించీ రాస్తే కంప్యూటరు వాడే ప్రతి తమ్ముడికీ పనికొస్తుందని అనిపించింది. అయితే ఇందులో ఉన్నది కంప్యూటరు సంగతి ఒక్కటే కాదు. ఒక వస్తువు చెడిపోతే మనం ముందుగా ఎవరి వైపు చూస్తామన్నది కూడా ఉంది.

"మేము" అని రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. పదో తరగతి దాకా ఒకే వరుసలో కూర్చుని తిన్నవాళ్ళకి "నేను" అనడం అంత త్వరగా రాదు. పైగా ఈ పని ఒక్కరు చేసింది కాదు. మేము నలుగురం. ఆరో తరగతిలో ట్రంకు పెట్టెలు మోసుకుంటూ ఈ గేటు దాటి లోపలికొచ్చాం. ఇప్పుడు ఇరవై మూడేళ్ళవాళ్ళం, పీజీ చదువుతున్నాం. నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ దాకా వెళ్ళిన మొదటివాళ్ళం మేమే. ఆదివారాలు యూనివర్సిటీ హాస్టల్ నుంచి బస్సెక్కి వచ్చి పదో తరగతి తమ్ముళ్ళకి లెక్కలూ సైన్సూ చెబుతుంటాం.

ఆ లాప్‌టాప్ ఎలా వచ్చిందో కొత్త బ్యాచ్‌లకి తెలియకపోవచ్చు. ఇరవై ఎనిమిది మంది పూర్వ విద్యార్థులు తలా ఐదు వందలు వేసుకుని, రూ. 14,000/- పెట్టి సెకండ్ హ్యాండ్‌లో కొన్నది అది. 2018 నాటి మోడల్. ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్. పెన్‌డ్రైవ్‌లో పాఠాల వీడియోలు తెచ్చుకోవడం, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపడం, స్టడీ అవర్‌లో అరవై మంది ఒకేసారి చూడటం. కటకంలోంచి కాంతికిరణం ఎలా వంగుతుందో బోర్డు మీద ఎన్నిసార్లు గీసినా అర్థంకానిది టీవీలో ఒక్కసారి చూస్తే అర్థమయ్యేది. ఆ కేబుల్ పెట్టే పని తొమ్మిదో తరగతి తమ్ముడొకడిది. ఎవరూ అప్పగించలేదు. వాడికి ఇష్టమై, రోజూ తానే ముందొచ్చి పెట్టేవాడు. పని అయ్యాక కేబుల్‌ను చుట్టి పాత బనియను గుడ్డలో కట్టి దాచేవాడు.

ఇక విండోస్ మార్చవలసిన అవసరం ఎందుకొచ్చిందంటే, 2015 జూలైలో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. మద్దతు ఆగడమంటే ఆ రోజు నుంచి కంప్యూటరు పనిచేయదని కాదు. ఎప్పటికప్పుడు ఉచితంగా వచ్చే భద్రతా సవరణలు మామూలు పద్ధతిలో ఇక రావని అర్థం. ఎవరెవరి పెన్‌డ్రైవ్‌లో పెట్టే మన లాప్‌టాప్‌లాంటి దానికి అది మంచిది కాదు. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11కి మారడమే దారి. దానికి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవే ఒప్పుకుంటారు. అన్నింటిలోనూ మనది పాసయింది. ఖర్చేమీ లేదు.

హాస్టల్లో ఇంటర్నెట్ అంటే ఎవరో ఒకరి ఫోనే కదా. అందుకని యూనివర్సిటీ లైబ్రరీ వైఫైలో ఆ పెద్ద ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి దించుకున్నాం. అక్టోబరు 11, రెండో శనివారం, ఇక్కడికొచ్చి విండోస్ 11 ఎక్కించాం. ఫైళ్ళన్నీ ముందే వేరే డ్రైవ్‌లోకి కాపీ చేశాం. చార్జరు పెట్టే ఉంచాం. సాయంత్రానికి పని పూర్తయింది. పాఠాల ఫోల్డర్లన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. అక్షరాలు మాత్రం కొంచెం లావుగా, మసకగా ఉన్నాయి. కొత్తది ఇలాగే ఉంటుందేమోనన్నారు చూసినవాళ్ళు. మేము చీకటిపడకముందే బస్సెక్కాం.

సోమవారం స్టడీ అవర్‌లో తమ్ముడు ఎప్పటిలాగే కేబుల్ పెట్టాడు. టీవీలో "నో సిగ్నల్" అని వచ్చింది. తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే. మూడోసారి తీస్తుండగా వెనకనుంచి ఎవరో అన్నారట, "వాడు లాగి లాగి పోర్టు కాల్చేశాడు" అని.

ఆ మాట అన్నం గంట కొట్టేలోగా హాస్టలంతా పాకింది. మర్నాడు లాప్‌టాప్‌ను టౌన్లో ఒక షాపుకి తీసుకెళ్ళారు. అక్కడ తెర చూసి, డిస్‌ప్లే చిప్ పోయిందనీ మార్చడానికి రూ. 4,500/- అవుతుందనీ చెప్పారు. దాంతో మాట గట్టిపడింది. రెండు రోజులకి తమ్ముడు స్టడీ హాలుకి రావడం మానేశాడు. వరండా మెట్ల మీద లైటు కింద కూర్చుని చదువుకుంటున్నాడని వాచ్‌మన్ తాత ఫోన్లో చెప్పాడు. దీపావళికి ఇంటికెళ్ళినప్పుడు నాన్నని అడిగి డబ్బు తెస్తానన్నాడట. వాళ్ళ నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. ఆ ఇంట్లో నాలుగున్నర వేలంటే ఏమిటో ఈ సంచిక చదివేవాళ్ళకి విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మాలో ఒకరి అమ్మ ఒకప్పుడు మిరపతోటలో కూలికి వెళ్ళేది. ఒకరోజు తోట యజమాని మోటారు వేయమంటే వెళ్ళి స్టార్టరు బటన్ నొక్కింది. కాసేపటికి మోటారు కాలిపోయింది. ఆ వారం ఊళ్ళో లోవోల్టేజి. బల్బులు కూడా ఎర్రగా, దీపపు వత్తుల్లా వెలుగుతున్నాయి. వోల్టేజి పడిపోయినప్పుడు మోటారు అదే బరువు లాగడానికి ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. లోపలి తీగచుట్ట వేడెక్కి కాలిపోతుంది. ఇది ఇప్పుడు మేము పుస్తకంలో చదువుకున్న సంగతి. ఆరోజు ఆ పొలంలో ఆ మాట చెప్పేవాళ్ళు లేరు. బటన్ నొక్కిన చెయ్యి ఎవరిదో అందరికీ కనిపించింది, వోల్టేజి ఎవరికీ కనిపించలేదు. పదిహేను రోజుల కూలి పట్టుకున్నారు. ఆమె ఎవరి అమ్మ అన్నది ఇక్కడ అనవసరం. మా అమ్మలందరూ ఏదో ఒక రూపంలో పడిన మాటే అది. "నువ్వు ముట్టుకున్నాకే పోయింది." ముట్టుకోవడం అనే మాట మన పెద్దవాళ్ళని ఎన్ని రకాలుగా బాధపెట్టిందో మీకు తెలుసు. అదే మాట మన హాస్టల్లో, మనలో మనమే, మన తమ్ముడి మీద వేయడం మాకు మింగుడుపడలేదు.

అక్టోబరు 19 ఆదివారం పొద్దున్నే వచ్చాం. మర్నాడు దీపావళి. మధ్యాహ్నం మూడింటి బస్సుకి పిల్లలు ఊళ్ళకి బయలుదేరతారు. తమ్ముడు ఆ నింద మోసుకుని ఇంటికెళ్ళకముందే అసలు కారణం తేలాలి. ఇంకో గడువు కూడా ఉంది. విండోస్ 11 ఎక్కించాక నచ్చకపోతే పాతదానికి తిరిగి వెళ్ళడానికి మామూలుగా పది రోజులే వీలుంటుంది. ఆ లెక్కన ఇంక రెండు రోజులే మిగిలాయి.

మేము కంప్యూటరు ఇంజినీర్లం కాదు. మాలో ఇద్దరిది ఫిజిక్స్, ఒకరిది తెలుగు, ఒకరిది ఎకనామిక్స్. అయినా ఒక తెల్లకాగితం తీసుకుని రెండు గళ్ళు గీశాం. ఒక గడిలో "శుక్రవారం దాకా బాగా పనిచేసినవి", రెండో గడిలో "ఆ తర్వాత మారినవి" అని రాశాం. మొదటి గడి నిండిపోయింది. టీవీ, కేబుల్, పోర్టు, చిప్, పెన్‌డ్రైవ్, తమ్ముడి చెయ్యి. రెండో గడిలో ఒక్కటే మాట పడింది. విండోస్. చివరగా ముట్టుకున్నది ఎవరని అడిగితే వచ్చే జవాబు వేరు, చివరగా మారినది ఏదని అడిగితే వచ్చే జవాబు వేరు. ఈ వ్యాసంలో మీరు గుర్తుపెట్టుకోవలసింది ఈ ఒక్క ముక్కే. మిగతావన్నీ మరిచిపోయినా ఫరవాలేదు.

కాగితం మీది మాటకి రుజువు కావాలి కదా. పైసా ఖర్చులేని పరీక్షల నుంచి మొదలుపెట్టాం.

మొదటి పరీక్ష కేబుల్‌కీ టీవీకీ. అదే కేబుల్‌ను సెట్‌టాప్ బాక్సుకి తగిలించి, టీవీలో అదే సాకెట్‌లో పెట్టాం. బొమ్మ వచ్చింది. కేబుల్, టీవీ రెండూ నిర్దోషులు.

రెండో పరీక్ష పోర్టుకీ చిప్‌కీ. లాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, కేబుల్ పెట్టి, మళ్ళీ ఆన్ చేస్తూ సెటప్ తెరలోకి వెళ్ళాం. కొన్నింట్లో ఎఫ్2, కొన్నింట్లో డిలీట్, కొన్నింట్లో ఎఫ్10 మీట నొక్కితే ఆ తెర వస్తుంది. అది విండోస్ కంటే ముందుది, మదర్‌బోర్డులోనే ఉండేది. అక్కడ విండోస్ ప్రమేయమే ఉండదు. అన్ని లాప్‌టాప్‌లూ ఆ తెరను టీవీకి పంపవు గానీ, మన లాప్‌టాప్ పంపింది. బూడిదరంగు తెర, తేదీ, ప్రాసెసరు పేరు టీవీలో పెద్దగా కనిపించాయి. పోర్టు కాలిపోతే ఆ బొమ్మ టీవీకి చేరేదే కాదు. చిప్ పోతే అసలు తయారయ్యేదే కాదు. వార్డెన్ సారుని పిలిచి చూపించాం. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసి, "అయితే పిల్లవాడిది కాదన్నమాట" అన్నారు. మాకు అప్పటికి సగం పని అయినట్టే.

ఇక జబ్బు విండోస్ లోపలే ఉందని తేలింది. లోపలికెళ్ళి విండోస్ మీటతో పాటు "పి" నొక్కి, రెండు తెరలకీ ఒకే బొమ్మ పంపే "డూప్లికేట్" ఎంచుకున్నాం. ఫలితం లేదు. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, "బి" నాలుగూ కలిపి నొక్కాం. గ్రాఫిక్స్ డ్రైవరు బిగుసుకుపోతే దాన్ని మళ్ళీ మొదలుపెట్టే ఉపాయం అది. కొన్నిసార్లు నల్లతెర నుంచి అదొక్కటే బయటపడేస్తుంది. ఇక్కడ దానివల్లా కాలేదు. అప్పుడు డివైస్ మేనేజర్ తెరిచి "డిస్‌ప్లే అడాప్టర్స్" అన్నచోట చూశాం. ఇంటెల్ పేరు ఉండవలసిన చోట "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంది.

జబ్బు పేరు దొరికింది. దీని అర్థమేమిటో హాస్టల్ భాషలో చెబుతాం.

గ్రాఫిక్స్ చిప్‌కి ఒక భాష, విండోస్‌కి ఒక భాష. ఈ రెంటి మధ్య దుబాసీలా మాటలు చేరవేసే ప్రోగ్రామే డ్రైవరు. విండోస్ మారినప్పుడు పాత డ్రైవరు కొత్తదాంతో కుదరకపోతే పక్కకి తప్పుకోవలసి వస్తుంది. కొత్త డ్రైవరు వచ్చేలోగా తెర మొత్తం నల్లబడకుండా విండోస్ తన దగ్గరున్న సాదా డ్రైవరును కూర్చోబెడుతుంది. మన రెగ్యులర్ వార్డెన్‌కి ట్రాన్స్‌ఫరైతే పక్క హాస్టల్ సారుని ఇన్‌చార్జిగా వేస్తారు చూడండి, అలాంటిదే. ఇన్‌చార్జి సారు ఉన్నన్నాళ్ళూ అన్నం వండుతారు, అటెండెన్స్ వేస్తారు, గేటుకి తాళం పడుతుంది. కొత్త దుప్పట్ల ఇండెంటు, పాత బిల్లు, బోరు రిపేరు మాత్రం "రెగ్యులర్ వచ్చాక చూద్దాం" అంటారు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఆయనకిచ్చిన అధికారం అంతే.

ఆ బేసిక్ అడాప్టర్ కూడా అంతే. అక్షరాలు చూపిస్తుంది, మౌసు కదులుతుంది. తెర వెలుతురు తగ్గించమంటే తగ్గదు. తెర చుక్కల లెక్క మార్చనివ్వదు. మనదాంట్లో 1920 గుణించు 1080 ఉండవలసింది 1024 గుణించు 768 దగ్గర ఆగిపోయింది. శనివారం అక్షరాలు లావుగా కనిపించింది అందుకే. వీడియో పెడితే చిప్ చేయవలసిన పని కూడా ప్రాసెసరు మీదే పడి ఫ్యాను హోరెత్తుతుంది, బొమ్మ కుంటుతుంది. నడుస్తున్న లాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి రెండో తెర వెలిగించమంటే దానికి చేతకాదు. తమ్ముడు చేసింది సరిగ్గా అదే. శుక్రవారం ఎలా పెట్టాడో సోమవారమూ అలాగే పెట్టాడు. అవతల మాట అందుకునే దుబాసీ మాత్రం లేడు.

మరి కొత్త డ్రైవరు దానంతటదే ఎందుకు రాలేదు? మామూలుగా విండోస్ ఎక్కించాక ఇంటర్నెట్ అందగానే అదే వెతికి తెచ్చుకుంటుంది. ఇంట్లో వైఫై ఉన్నవాళ్ళకి ఇది జరిగినట్టు కూడా తెలియదు. రాత్రి నిద్రపోయి లేచేసరికి డ్రైవరు వచ్చి కూర్చుని ఉంటుంది. మనం ఎక్కించింది పెన్‌డ్రైవ్ నుంచి. తర్వాత కలిపింది ఫోను హాట్‌స్పాట్‌కి. ఆ హాట్‌స్పాట్ లాప్‌టాప్‌లో మొదటి నుంచీ "మీటర్డ్ కనెక్షన్" అని పెట్టి ఉంది. అంటే డేటా కొలత మీద వస్తోంది, నా అనుమతి లేకుండా పెద్దవి దించవద్దని విండోస్‌కి చెప్పడం. రోజుకి ఒకటిన్నర జీబీతో నెట్టుకొచ్చే చోట అలా పెట్టుకోవడం అవసరమే. అలా పెట్టినప్పుడు డ్రైవర్లు కూడా బయటే ఆగిపోతాయి. ఎవరూ ఏదీ పాడుచేయలేదు. డబ్బున్న ఇంట్లో ఎవరి కంటా పడకుండా సర్దుకుపోయే పని, మన దగ్గరికొచ్చేసరికి జబ్బులా కనిపించింది. దానికి నాలుగున్నర వేల వైద్యం రాశారు, ఒక పిల్లవాడి మీద నింద వేశారు.

ఇక వైద్యం సంగతి. ముందు చిప్ ఏదో నిర్ధారించుకున్నాం. డివైస్ మేనేజర్‌లో ఆ అడాప్టర్ మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్, అందులో "హార్డ్‌వేర్ ఐడీస్" చూడాలి. అది చిప్‌కి హాల్ టికెట్ నంబరు లాంటిది. పేరు తప్పు పడొచ్చు గానీ ఆ నంబరు తప్పదు. అందులో "వెన్" తర్వాత ఉండేది కంపెనీ నంబరు, "డెవ్" తర్వాతది చిప్ నంబరు. 8086 అంటే ఇంటెల్, 10డీఈ అంటే ఎన్విడియా, 1002 అంటే ఏఎండీ. 1978లో ఇంటెల్ విడుదల చేసిన ప్రాసెసరు పేరు 8086. ఆ పేరే కంపెనీ నంబరుగా నిలిచిపోయింది. మనదాంట్లో 8086, 5917 అని వచ్చింది. అంటే ఇంటెల్ యూహెచ్‌డీ గ్రాఫిక్స్ 620. లాప్‌టాప్ కొన్నప్పటి కాగితాల్లోనూ అదే ఉంది.

తర్వాత ఎవరి ఫోన్లో ఎంత డేటా మిగిలిందో లెక్క చూశాం. గ్రాఫిక్స్ డ్రైవరు కొన్ని వందల ఎంబీ ఉంటుంది. ముగ్గురివి అప్పటికే అయిపోవచ్చాయి. వంట చేసే అక్క తన ఫోను తీసిచ్చి, "నేను చూసేది సాయంత్రం సీరియలే కదా, వాడుకోండి బాబూ" అంది. ఆ ఫోను హాట్‌స్పాట్‌కి లాప్‌టాప్‌ను కలిపి, ఆ కనెక్షన్ మీటర్డ్ కాదని సెట్టింగ్స్‌లో చూసుకుని, విండోస్ అప్‌డేట్‌లో వెతకమన్నాం. కొద్దిసేపటికి జాబితాలో "ఇంటెల్ కార్పొరేషన్, డిస్‌ప్లే" అనే వరస కనిపించింది. కొన్నిసార్లు ఇది అక్కడ కాకుండా, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో "ఆప్షనల్ అప్‌డేట్స్" కింద ఉంటుంది. అక్కడా చూడాలి. రెండుచోట్లా లేకపోతే లాప్‌టాప్ అడుగున చీటీ మీదుండే మోడల్ నంబరుతో, తయారుచేసిన కంపెనీ సైటుకెళ్ళి దించుకోవాలి. అక్కడ విండోస్ 10ది మాత్రమే ఉన్నా చాలావరకు విండోస్ 11లో పనిచేస్తుంది.

డ్రైవరు ఎక్కుతుండగా తెర ఒక్కసారి నల్లబడింది. చుట్టూ ఉన్న పిల్లలు ఊపిరి బిగబట్టారు. మళ్ళీ వెలిగింది, మళ్ళీ నల్లబడింది. ఇలా జరగడం మామూలే. ఆ సమయంలో పవర్ బటన్ నొక్కకూడదు. మూడోసారి వెలిగేసరికి అక్షరాలు సన్నబడి, తీరైన చేతిరాతలా నిలబడ్డాయి. వెలుతురు తగ్గించే మీట నొక్కితే తగ్గింది.

కేబుల్ మేము పెట్టలేదు. వరండాలో సంచి సర్దుకుంటున్న తమ్ముడిని పిలిచాం. "నాకొద్దన్నా" అన్నాడు. "నీ పనే కదరా, నువ్వే పెట్టు" అన్నాం. బనియను గుడ్డ విప్పి, కేబుల్ తీసి, పోర్టులోకి దూదిలో సూది గుచ్చుతున్నట్టు మెల్లగా నొక్కాడు. టీవీ వెలిగింది. వీడియో పెడితే శబ్దం కూడా టీవీలోంచే వచ్చింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సోమవారం వెనకనుంచి మాట అన్నవాడెవడో మాకు తెలియదు, అడగలేదు కూడా. ఒక పదో తరగతి అబ్బాయి మాత్రం తమ్ముడి సంచి తీసుకుని, "పద, బస్సు టైమవుతోంది" అంటూ తానే మోసుకెళ్ళాడు. మూడింటి బస్సులో తమ్ముడు డబ్బు అడగవలసిన పని లేకుండా ఇంటికెళ్ళాడు.

ఇంతకంటే గట్టి జబ్బులు కూడా వస్తాయి. కొందరికి అప్‌గ్రేడ్ తర్వాత తెరే రాదు. వాళ్ళ కోసం నాలుగు మాటలు.

విండోస్ ఎక్కించేముందే ఫైళ్ళు వేరేచోట కాపీ చేసుకోండి. లాప్‌టాప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉంటే 48 అంకెల రికవరీ కీ ఒకటి ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసి ట్రంకు పెట్టెలో పెట్టుకోండి. మరమ్మతు మధ్యలో అది అడిగితే, లేకపోతే ఫైళ్ళన్నీ పోయినట్టే.

తెర నల్లగా ఉంటే ముందు పైన చెప్పిన నాలుగు మీటల ఉపాయం చూడండి. కాకపోతే విండోస్ మొదలవుతుండగా పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే రికవరీ తెర వస్తుంది. అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ దాకా వెళ్ళి, మళ్ళీ మొదలయ్యాక 4 అంకె నొక్కితే సేఫ్ మోడ్‌లోకి పోతుంది. సేఫ్ మోడ్‌లో నడిచేది ఇన్‌చార్జి డ్రైవరే. అందుకే అసలు డ్రైవరు చెడిపోయినా తెర వస్తుంది.

అక్కడ డివైస్ మేనేజర్‌లో చిప్ ప్రాపర్టీస్ తెరిస్తే "రోల్ బ్యాక్ డ్రైవర్" ఉంటుంది. కొత్త డ్రైవరు వల్ల జబ్బు వస్తే అది పాతదాన్ని తిరిగి తెస్తుంది. ఆ బటన్ మసకగా ఉంటే వెనక్కి వెళ్ళడానికి పాతది లేదని అర్థం. అప్పుడు డ్రైవరును తీసేసి, కంపెనీ సైటు నుంచి దించినది ఎక్కించండి. చిప్ పేరు పక్కన పసుపు త్రికోణం ఉంటే భయపడకండి. తెరిచి చూస్తే ఒక కోడ్ నంబరు ఉంటుంది. ఆ నంబరు రాసుకుని ఎవరినైనా అడగండి. "పనిచేయట్లేదు" అని అడిగినదానికీ, నంబరుతో అడిగినదానికీ వచ్చే జవాబుల్లో చాలా తేడా ఉంటుంది.

"మీ డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో సరిచేస్తాం" అంటూ ఎగిరివచ్చే ప్రకటనల జోలికి మాత్రం పోకండి. లేని జబ్బులు చూపించి డబ్బు గుంజేవీ, కొత్త జబ్బులు అంటించేవీ వాటిలో చాలా ఉన్నాయి. చివరికి ఏదీ కుదరకపోతే సెట్టింగ్స్‌లో రికవరీ కింద "గో బ్యాక్" ఉంటుంది, పది రోజుల్లోపే. షాపుకి తీసుకెళ్ళవద్దని మేము అనడం లేదు. నిజంగా చిప్ పోయే రోజులూ ఉంటాయి. వెళ్ళేముందు సెటప్ తెర పరీక్ష ఒకటి చేసుకుని వెళ్ళండి. అప్పుడు మీరు అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది.

తమ్ముళ్ళూ, డిగ్రీ చేస్తే ఏమొస్తుందని ఊళ్ళో మమ్మల్ని చాలామంది అడుగుతుంటారు. ఉద్యోగాల సంగతి ఇంకా తేలలేదు గనక ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకునేవాళ్ళం. ఇప్పుడు ఒక జవాబు ఉంది. ఏదైనా చెడిపోయినప్పుడు చేతుల వైపు చూడకుండా కారణం వైపు చూడటం కొంచెం వచ్చింది. లోవోల్టేజి అనే మాట ఆరోజు మిరపతోటలో ఒక్కరు చెప్పగలిగి ఉంటే పదిహేను రోజుల కూలి నిలిచేది. మన ఇళ్ళలో ఆ మాట చెప్పగలిగే మొదటివాళ్ళం మనమే. ఫ్యాను ఆగినా, మోటారు కాలినా, మార్కులు తగ్గినా, హాజరు పట్టీలో పేరు తప్పిపోయినా, ఎవరినైనా అనేముందు ఒక కాగితం తీసుకుని రెండు గళ్ళు గీయండి. నిన్నటిదాకా బాగున్నవేమిటి, ఆ తర్వాత మారినదేమిటి అని రాయండి.

  ఆదివారం కలుద్దాం. కాంతి పాఠంలో అర్థంకాని లెక్కలు రాసిపెట్టుకోండి.